బర్హి అని అమ్మారు, ఈతేనా?

గరుగునేల:
ఏడేళ్ల క్రితం అనంతపురం వైపు మా మెట్ట చేనులో టిష్యూ కల్చర్ (తల్లి చెట్టు ముక్క నుంచి ల్యాబులో పెంచిన) బర్హి ఖర్జూరమని చెబితే ఒక్కో మొక్క నాలుగు వేలకు, నలభై మొక్కలు కొని నాటాను. నిరుడే మొదటిసారి గెలలు వేశాయి. ఈ జూన్‌లో కాయలు పసుపు తిరిగాయి గాని, ఒక్కటీ రేగుపండు కన్నా పెద్దది కాలేదు. మా బావ చూసి ‘ఇవి ఈత చెట్లురా’ అని నవ్వి వెళ్లాడు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఈతనూ ఖర్జూరాన్నీ ఖాయంగా వేరు చేసే గుర్తు ఏమిటి?

కోచెల్లా తెలుగు:
మొదలు దగ్గర చూడండి. ఖర్జూరం లేత వయసులో చుట్టూ పిలకలు పెడుతుంది. ఈత ఒంటిగా లేస్తుంది. నేను కాలిఫోర్నియాలో కోచెల్లా లోయకు దగ్గరలో ఉంటాను. ఇక్కడి మెద్జూల్ రకం ఖర్జూర తోటల చరిత్రంతా పిలకల చరిత్రే. 1927లో మొరాకో నుంచి 11 పిలకలు తెస్తే 9 బతికాయి. గింజ నాటితే తల్లి గుణం రాదు కాబట్టే పిలకకు అంత విలువ. మీ చెట్లకు పిలకలు ఉన్నాయా, లేవా?

గరుగునేల:
ఇప్పుడైతే ఒక్కటీ లేదు. కలుపు తీసేటప్పుడు కూలీలు కొట్టేశారేమో చెప్పలేను.

నిజ్వా తోట:
అన్నా, పిలకలను బట్టి తేల్చుకోవద్దు. నేను ఒమన్‌లో నిజ్వా దగ్గర తొమ్మిదేళ్లు ఖర్జూర తోటలో పనిచేసి వచ్చాను. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. అక్కడ చలికాలం చివర మగ గెల రెమ్మలు కోసి, ఆడ గెల విచ్చుకోగానే మధ్యలో పెట్టి కట్టేవాళ్లం. అలా కట్టకపోతే ఒక్కో పువ్వుకు మూడేసి చిన్న కాయలు అతుక్కుని వస్తాయి, లోపల గింజ ఉండదు. ముందు కాయ కోసి చూడండి. గింజ లేకపోతే పరాగం అందలేదంతే, ఖర్జూరమే కావచ్చు.

వానచినుకు:
అసలు మన నేలలో ఖర్జూరం ఎందుకు? వాన పడితే పండంతా పాడవుతుంది.

నిజ్వా తోట:
వానకు ఎక్కువగా పాడయ్యేది మెత్తబడిన పండు. బర్హిని పసుపు మీద, గట్టిగా ఉండగానే తింటారు. కచ్‌లో ముంద్రా వైపు రైతులు కూడా వానలు ముదరకముందే పచ్చి కాయ కోసి అమ్ముతారు. అనంతపురానికి పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. అప్పటికి బర్హి కోత అయిపోతుంది. అదే చెట్టును కోనసీమలో నాటమంటే నేను నాటను.

కోచెల్లా తెలుగు:
వానల మాట ఎందుకిప్పుడు? పిలకలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. తోటలో కూలికి పనిచేయడం వేరు, చెట్టు జాతిని గుర్తించడం వేరు.

నిజ్వా తోట:
కూలికే పనిచేశాను. మట్ట మొదట్లో అరచేయి పొడవు ముళ్లుంటాయి, వాటిని కోస్తేనే గెల దాకా చేయి వెళుతుంది. ఆ గాయాల మచ్చలు నా చేతుల మీద ఇంకా ఉన్నాయి. మూడు నెలల జీతం ఎగవేసిన యజమాని తోటలో కూడా ఒక్క గెలకు పరాగం తప్పనివ్వలేదు. చెట్టును గుర్తించడం మీ దగ్గర నేర్చుకోవాలా? గరుగునేల అన్నా, ఒక్క మాట చెప్పండి. నలభైలో మగవి ఎన్ని?

గరుగునేల:
పది కాయలు కోశాను. అన్నింటిలోనూ నిండు గింజ, దాని మీద నిలువుగా గాడి. కండ కాగితమంత పలుచన. ఇక పదిహేడు చెట్లకు కాయే రాలేదు. ఫిబ్రవరిలో వాటి గెలల నుంచి తెల్లటి పొడి రాలితే తెగులనుకుని మందు కొట్టించాను.

నిజ్వా తోట:
అయితే తేలిపోయింది. ఆ పొడి తెగులు కాదు, మగ చెట్ల పుప్పొడి. బర్హి అంటే ఆడ చెట్టే. టిష్యూ కల్చర్ మొక్కలైతే నలభైకి నలభై ఆడవే కావాలి. పదిహేడు మగవి వచ్చాయంటే గింజ మొలకలు అమ్మారు. కండ అంత పలుచన అంటే అవి ఈత గింజలే.

గరుగునేల:
లక్షా అరవై వేలు. డ్రిప్పు ఖర్చు, కంచె ఖర్చు వేరు. ఆ కంచె కోసం గట్టు మీది పద్నాలుగు ఈత చెట్లు కొట్టించాను. తిరిగి నా చేనులో ఈతే మొలిచింది. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా? అన్నీ పీకించేస్తాను.

మోకు:
మొదటి నుంచీ చదువుతున్నాను. ‘దరిద్రం’ అన్న మాట దగ్గర ఊరుకోలేకపోయాను. మాది నల్లగొండ జిల్లాలో కల్లు గీత వృత్తి చేసే ఇల్లు. ఈతను ఒక ఏడు ఒక వైపు గీస్తే మరో ఏడు ఎదుటి వైపు గీస్తారు. అందుకే పాత ఈత కాండం గంట్లు పడి వంకరలు తిరిగి ఉంటుంది. మీరు కొట్టించిన పద్నాలుగు చెట్లకు ఆ గంట్లు ఉన్నాయా? ఉంటే వాటిని గీసే మనిషి కూడా ఉన్నాడు. ఆయనను అడిగారా? మా నాన్న గీసే ముప్పై చెట్లు పొలం చేతులు మారగానే ఒక్క రోజులో పడిపోయాయి. ముందుగా ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వెళ్లి, అలాగే తిరిగి వచ్చాడు. మిమ్మల్ని మోసం చేసింది మొక్కలు అమ్మినవాళ్లు. ఈత కాదు.

వానచినుకు:
చెట్టు గుర్తు అడిగితే చర్చ ఎక్కడికో వెళ్లింది.

మోకు:
ఆ చెట్టే మాకు అన్నం పెట్టింది. ఇంకెక్కడికి వెళ్లాలి?

గరుగునేల:
గంట్లు ఉండేవి. గీసే ఆయన మా ఊరి మనిషే, మామా అని పిలుస్తాను. అడగలేదు. మర్నాడు ఎదురుపడి ‘పాతబడ్డ చెట్లేలే’ అన్నాడు. ఆ మాట పట్టుకుని సర్దుకున్నాను. అది తప్పే. కానీ మోకు గారూ, నేను అప్పు చేసి నాటింది సంతలో అమ్ముకునే పండు కోసం. ఈత కల్లుతో మా మామ ఇల్లు గడుస్తుందేమో గాని, నా అప్పు తీరదు. నా చేనులో ఏది ఉండాలో నేను చూసుకోవద్దా?

మోకు:
చూసుకోండి. నేను కాదనను. గట్టు పక్క వరస ఒక్కటి వదలమంటున్నాను. గీతకు మగ చెట్టూ పనికొస్తుంది, ఆడ చెట్టూ పనికొస్తుంది.

నిజ్వా తోట:
మగవి మూడు నాలుగు ఎలాగూ ఉంచండి. ఈత పుప్పొడితో ఖర్జూరానికి పరాగం కట్టవచ్చు. ఈసారి మొక్కలు కొంటే రకం పేరు, టిష్యూ కల్చర్ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి.

కోచెల్లా తెలుగు:
పిలకలు లేకపోతే ఈతేనని నేను మొదటి రోజే చెప్పాను.

గరుగునేల:
మామకు ఇప్పుడే ఫోను చేశాను. ఏ చెట్లు గీతకు వస్తాయో చూడటానికి ఆదివారం వస్తానన్నాడు. పాత బిల్లు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాను.