రెండు మూడు లక్షల జనం ఉన్న లద్దాఖ్‌కు అంత డబ్బు ఎందుకు?

తిరుపతిలో డిగ్రీ ఎకనామిక్స్ చదువుతున్నాను. 2011 లెక్కల్లో లద్దాఖ్ జనాభా 2,74,289. దాదాపు మన తిరుపతి ఊరంత. అక్కడ సొరంగాలకే వేల కోట్లు పెట్టడం సరైన ఖర్చేనా?

జవాబు 1 (పలమనేరు):
తమ్ముడూ, తలసరి లెక్కతో మాత్రం చూడొద్దు. నేను అక్కడ రోడ్ల పని చేసి రిటైరయినవాణ్ణి. శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలో, సోనామార్గ్ దాటాక జోజిలా కనుమ 11,500 అడుగులపైనే ఉంటుంది. మంచు పడితే రోడ్డు మూతే. చలికాలానికి బియ్యం, గ్యాసు, మందులు వేసవిలోనే లారీల్లో చేర్చి నిల్వ పెట్టుకోవాలి. గడ్డకట్టే చలిలో కాంక్రీటు సరిగా సెట్ కాదు, అందుకే బయటి పనులు ఏడాదిలో కొన్ని నెలలే సాగుతాయి. మిగతా కాలం మెషిన్లు ఊరికే నిలబడతాయి, బాడుగ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కిలోమీటరు ఖర్చు పెరిగేది అక్కడే. నిండు నెలల గర్భిణిని శ్రీనగర్ తీసుకెళ్లాలంటే ఇంటిల్లిపాదికీ ఎంత టెన్షనో చూశాను. ఆ కనుమ కింద సొరంగం కావాల్సిందే.

జవాబు 2 (చిత్తూరు):
అన్న చెప్పింది నిజం. కానీ డబ్బు ఎంత అన్నదానికన్నా, ఎక్కడ పెట్టాలో ఎవరు తేలుస్తున్నారన్నది నాకు పెద్ద ప్రశ్న. లద్దాఖ్‌లో లేహ్‌కు 1995 నుంచి, కార్గిల్‌కు 2003 నుంచి కొండ ప్రాంత మండళ్లు, అంటే స్థానిక అభివృద్ధి పనులు చూసే ఎన్నికైన సంస్థలు, ఉన్నాయి. 2019లో కేంద్రపాలిత ప్రాంతం చేశారు గానీ, అసెంబ్లీ ఇవ్వలేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. ఆ మండళ్ల బడ్జెట్ కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? ప్రాజెక్టు దాని మీదే చేస్తాను.