ఆరు నెలల ట్రైనింగ్ అమీర్‌పేటలో డబ్బు కట్టి చేయాలా, ఊళ్లోనే చేసుకోవచ్చా?

నెల్లూరు డిప్లొమా

అందరికీ నమస్తే. గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతున్నా. వచ్చే సెమ్ మాకు ఇండస్ట్రియల్ ట్రైనింగ్, ఆరు నెలలు. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళకైతే ఫ్యాక్టరీలు, సబ్‌స్టేషన్లు ఉన్నాయి, మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్న మాటే లేదు. క్లాసులో సగం మంది హైదరాబాద్ బయల్దేరుతున్నారు. అమీర్‌పేట నుంచి ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కాలేజీ దగ్గరికొచ్చి మాట్లాడి వెళ్ళారు. ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ ముందూ వెనకా రెండూ తయారు చేయడం) కోర్సు, ప్రాజెక్టు, ట్రైనింగ్ సర్టిఫికెట్, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ అట. రోజూ రాకపోయినా పర్లేదు, సర్టిఫికెట్‌కి ఢోకా లేదు అన్నారు, సరిగ్గా అక్కడే నాకు డౌట్ కొట్టింది. ఫీజు, హాస్టల్ కలుపుకుంటే నాన్న అప్పు చేయాల్సిందే.

ఇంకో సంగతి. మా బాబాయ్‌కి ఎరువుల కొట్టు ఉంది. "నా అప్పుల పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టరా, అదే నీ ట్రైనింగు" అంటాడు. నవ్వులాటకి అన్నాడో ఏమో గానీ నా బుర్రలోంచి పోవట్లేదు. సీ, జావా, డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) చదివాం. ల్యాబ్ రికార్డు కోసం చేసినవి తప్ప మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేసింది ఒక్కటీ లేదు. బీటెక్ సెకండియర్‌లో చేరడానికి డిప్లొమా వాళ్ళు రాసే ఈసెట్ ఎంట్రన్స్ కూడా రాయాలి. ఏం చేయమంటారు?

అమీర్‌పేట పాతకాపు

తమ్ముడూ, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కొన్నాళ్ళు క్లాసులు చెప్పినవాణ్ణి, లోపలి సంగతి చెప్తా విను. అక్కడ మంచి మాస్టార్లు లేరని కాదు. బీటెక్ అయిపోయి, రూమ్ తీసుకుని, పొద్దున్న క్లాసు, రాత్రి ప్రాక్టీసు అని కూర్చుని ఉద్యోగం కొట్టినవాళ్ళు ఎంతోమంది. కానీ డిప్లొమా పిల్లలకి ఆర్నెల్ల ప్యాకేజీ పేరుతో అమ్మేది వేరే సరుకు. అందులో నేర్పేది రెండు మూడు నెలల్లో అయిపోతుంది, మిగతాదంతా కాగితాల పని.

ప్రాజెక్టు అని ఇచ్చేది ఏళ్ళ తరబడి చేతులు మారుతున్న లైబ్రరీ మేనేజ్‌మెంటో, బ్లడ్ బ్యాంకో, హాస్టల్ అలాట్‌మెంటో. ఒకబ్బాయి వైవాలో గొప్పగా స్క్రీన్ చూపిస్తే లాగిన్ పేజీ అడుగున వేరే జిల్లా కాలేజీ పేరు అలాగే ఉంది, కొన్నవాడూ చూసుకోలేదు అమ్మినవాడూ చెరపలేదు! పాస్ అయితే అయ్యాడు అనుకో. తర్వాత ఇంటర్వ్యూలో "ఈ టేబుల్‌కి ప్రైమరీ కీ ఏది, ఎందుకు అదే పెట్టావు" అని, అంటే ఒక్కో వరుసని విడిగా గుర్తుపట్టే కాలమ్ ఏదని, అడిగినప్పుడు ఏం చెప్తాడు?

రోజూ రాకపోయినా సర్టిఫికెట్ ఇస్తాం అన్నవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు. డబ్బు పోతే పోయింది, ఆర్నెల్లు మళ్ళీ రావు.

పాలిటెక్నిక్ మాస్టారు

నేను ట్రైనింగ్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను కాబట్టి రూల్ సంగతి ముందు చెప్తాను, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బాబాయ్ కొట్లో కూర్చుని చేశాను అంటే కాలేజీ ఒప్పుకోదు బాబూ. ఒక సంస్థ నిన్ను ట్రైనీగా తీసుకుంటున్నట్టు లెటర్ ఇవ్వాలి, అక్కడ నిన్ను చూసుకునే ఒక మనిషి ఉండాలి. మధ్యలో మా స్టాఫ్ వచ్చి ఆ మనిషితో కలిసి అసెస్‌మెంట్ వేస్తారు, నువ్వు రోజూ లాగ్ బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు, సెమినార్. లాగ్ బుక్‌ని చివరి వారం ఒకే పెన్నుతో కూర్చుని నింపుతారు మన పిల్లలు, మాకు తెలీదనుకుంటారు.

అయితే సాఫ్ట్‌వేర్ కంపెనీయే కావాలని ఎవరూ అనలేదు. మీ టౌన్లో ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) అమ్మి సర్వీస్ చేసేవాళ్ళు ఉంటారు, స్కూళ్ళకీ ఆసుపత్రులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న ఆఫీసులు ఉంటాయి. పెద్ద ఆసుపత్రిలో ఐటీ గది ఉంటుంది, కలెక్టరేట్‌లో ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే ఎన్ఐసీ జిల్లా కేంద్రం ఉంటుంది. కాలేజీ లెటర్ పట్టుకుని స్వయంగా వెళ్ళి అడుగు. ఫోన్లో అడిగితే ఎవరూ సరిగా బదులు చెప్పరు. పైథానో జావానో తెలిసిన ఒక్క మనిషి ఉన్న చోటు దొరికితే చాలు, అక్కడ ట్రైనీగా చేరి, మీ బాబాయ్ కొట్టుని నీ కస్టమర్‌గా పెట్టుకుని ప్రాజెక్టు చెయ్. రూల్‌కి రూలూ సరిపోతుంది, పనికి పనీ దొరుకుతుంది. ముందు మీ గైడ్‌ని అడిగి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టు.

బెజవాడ కోడర్

మాది చిన్న ఆఫీసు, ఏటా ఒకరిద్దరు డిప్లొమా పిల్లల్ని తీసుకుంటాం. చెప్పనా, మీ బాబాయ్ అప్పుల పుస్తకం బ్లడ్ బ్యాంక్ ప్రాజెక్టు కంటే పదిరెట్లు మంచి ప్రాజెక్టు. చూడ్డానికి చిన్నదే, దిగితే తెలుస్తుంది లోతు.

ఒకటి, ఎరువుల కొట్లో సబ్సిడీ బస్తాలకి ఆధార్ మెషీన్లో వేలిముద్ర వేయించి బిల్లు కొట్టాలి కదా, 2018 నుంచి దేశమంతా అదే పద్ధతి. దాని జోలికి నువ్వు వెళ్ళొద్దు, అది ప్రభుత్వం లెక్క. నీది బాకీల లెక్క మాత్రమే. ఎక్కడ ఆగాలో ముందే గీత గీసుకోవడం కూడా పనిలో భాగమే.

తర్వాత, ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటారు. మీ బాబాయ్ "చెరువుగట్టు వెంకటేశ్వర్లు" అని గుర్తుపెట్టుకుంటాడు, నీ ప్రోగ్రామ్ ఎలా గుర్తుపెట్టుకుంటుంది? ఫోన్ నంబర్ ప్రైమరీ కీ చేస్తావా? తండ్రీ కొడుకులు ఒకే నంబర్ ఇస్తారు మరి. క్లాసులో కీ గురించి బట్టీ పట్టిందంతా ఇక్కడ నిజంగా అర్థమవుతుంది.

ఇక వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. ఎడగారు పంట చేతికొచ్చాక నెల మధ్యలో వచ్చి కొంత కడతాడు రైతు. అప్పుడు రోజుల లెక్కా, పూర్తి నెల లెక్కా? కట్టింది ముందు వడ్డీకి జమా, అసలుకి జమా? తెలిసినవాడైతే వడ్డీ వదిలేస్తాడా? ఇవి మీ బాబాయ్‌ని అడిగితే "అదంతా మనిషిని బట్టి ఉంటదిరా" అంటాడు, రాసిపెట్టుకో. మా కస్టమర్లు కూడా అందరూ అదే అంటారు, ఆ "మనిషిని బట్టి" అన్నదాన్ని విడదీసి రూల్స్‌గా రాయడమే మా ఉద్యోగంలో సగం.

డబ్బుని డబుల్ అనే దశాంశాల టైపులో ఉంచొద్దు. జావాలో డబుల్ పెట్టి 0.1కి 0.2 కలిపి ప్రింట్ చేసి చూడు, 0.30000000000000004 వస్తుంది. పైసల్లో పూర్ణాంకంగా ఉంచు, లేదా దశాంశాల్ని తేడా రాకుండా లెక్కించే బిగ్‌డెసిమల్ వాడు. బాకీ మొత్తాన్ని ఒక కాలమ్‌లో పెట్టి మార్చుకుంటూ పోవద్దు, ప్రతి అప్పూ ప్రతి జమా ఒక్కో వరుసగా రాసి, బాకీని కూడి తీయి. ఎంట్రీ తప్పు పడితే డిలీట్ బటన్ పెట్టకు, దాన్ని రద్దు చేసే ఎదురు ఎంట్రీ వేయించు. పాత పద్దు పుస్తకంలో కూడా కాగితం చింపరు కదా, కొట్టేసి పక్కన సంతకం పెడతారు. రైతు ఖాతాలో జమ రాస్తుండగా కరెంటు పోతే సగం రాసి సగం ఆగకుండా ట్రాన్సాక్షన్‌లో (పడితే మొత్తం పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు) పెట్టు. రోజూ రాత్రి బ్యాకప్.

కోడ్ మొదటి రోజు నుంచే గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునీ తేదీతో సహా దాచే సాధనం) పెట్టు, రోజు పని రోజు. ఇంటర్వ్యూకొచ్చిన పిల్లలు ఆ కోడ్‌ని నెట్‌లో పెట్టుకునే గిట్‌హబ్ తెరిస్తే మొత్తం ప్రాజెక్టు ఒకే రోజు ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి దాచినట్టు, పడి ఉంటే మాకు విషయం అర్థమైపోతుంది. చాట్‌జీపీటీని అడగొద్దని నేనను, మేమూ వాడతాం. కానీ అది ఇచ్చిన కోడ్‌లో ఒక లైను వేలు పెట్టి చూపించి ఇది తీసేస్తే ఏమవుతుంది అంటే చెప్పగలగాలి.

ఈసెట్ అక్క

అందరూ ప్రాజెక్టు ప్రాజెక్టు అంటున్నారు, ఒక్కరూ ఈసెట్ మాట ఎత్తట్లేదు! నేనూ డిప్లొమా చేసి ఈసెట్ రాసి సెకండియర్ బీటెక్‌లో చేరినదాన్నే. పెద్ద కంపెనీల్లో చాలావరకు బీటెక్ లేకపోతే ఫామ్ కూడా నింపనివ్వరు, ఇది చేదు నిజం. 200 మార్కుల్లో మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 బ్రాంచ్ సబ్జెక్టులు, మూడు గంటలు. డిప్లొమా వాళ్ళందరం ఎక్కడ పడిపోతామంటే ఫిజిక్స్, కెమిస్ట్రీలో. ఫస్టియర్ తర్వాత ఆ పుస్తకాలు ముట్టుకోం కాబట్టి. ట్రైనింగ్ ఉన్న ఆర్నెల్లూ రోజూ సాయంత్రం రెండు గంటలు వాటికి పెట్టు. హైదరాబాద్ వెళ్తే ట్రాఫిక్‌లోనే ఆ రెండు గంటలూ అయిపోతాయి. నా ఓటు కూడా ఊళ్లో ఉండడానికే, కారణం మాత్రం వేరు.

అందరికీ వెంటనే బీటెక్ కుదరకపోవచ్చు, ఇంట్లో పరిస్థితుల వల్ల. అప్పుడు నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేసుకోండి. ఏడాది పని, స్టైపెండ్ ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనల్లో డిప్లొమా వాళ్ళకి కనీసం నెలకి 8,000 అని పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకోండి. ఆ కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వం కంపెనీకి తిరిగిస్తుంది కాబట్టి చిన్న కంపెనీలు కూడా వినే అవకాశం ఉంది, వెళ్ళినప్పుడు ఈ ముక్క మీరే చెప్పండి, చాలామంది ఓనర్లకి తెలీదు.

హాంబర్గ్ తెలుగు

కొంచెం దారి తప్పుతున్నానేమో గానీ, ఇక్కడ జర్మనీలో ఇదే చదువు ఎలా ఉంటుందో చెప్తా, మీ బాబాయ్ ఐడియా ఎందుకు మంచిదో తెలుస్తుంది. ఇక్కడ అప్లికేషన్ డెవలప్‌మెంట్ అనే పేరుతోనే మూడేళ్ళ ఆస్‌బిల్డుంగ్ (పని చేస్తూ నేర్చుకునే కోర్సు) ఉంది, ఎక్కువ రోజులు కంపెనీలో, మిగతావి ఒకేషనల్ స్కూల్లో. ముందు కంపెనీ దొరికితేనే సీటు. జీతం మొదటి ఏడాది నుంచే వస్తుంది, 2025లో మొదలుపెట్టినవాళ్ళకి చట్టం పెట్టిన కనీస మొత్తం నెలకి 682 యూరోలు.

చివర్లో 80 గంటల ప్రాజెక్టు ఉంటుంది, నిజంగా కంపెనీకి పనికొచ్చేదై ఉండాలి. ఏం చేయబోతున్నావో ముందే రాసి ఛాంబర్ ఆఫ్ కామర్స్ చేత ఒప్పించుకోవాలి. అయ్యాక బోర్డు ముందు ప్రెజెంటేషన్, ప్రశ్నలు, అంతా కలిపి అరగంట. 2020లో మారిన పద్ధతి ప్రకారం ఫైనల్ మార్కుల్లో సగం ఆ ప్రాజెక్టువే. మాస్టారు చెప్పిన లాగ్ బుక్ లాంటిది ఇక్కడా ఉంది, అది సరిగా లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. ఇది చదివి కన్సల్టెన్సీల దగ్గరికి పరిగెత్తకండి, బీ1 స్థాయి (మధ్యస్థాయి) జర్మన్ రాకుండా ఇక్కడ క్లాసులో ఒక్క ముక్క అర్థం కాదు.

నెల్లూరు డిప్లొమా

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇవాళ బాబాయ్‌ని వడ్డీ గురించి అడిగా. "మనిషిని బట్టి" అనే అన్నాడు 😀 తర్వాత ఒక గంట కూర్చోబెట్టి అడిగితే మూడు రకాల లెక్కలు బయటపడ్డాయి, ఒకటైతే పిన్నికి కూడా తెలీదు. బస్టాండ్ దగ్గర ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది, సోమవారం కాలేజీ లెటర్ తీసుకుని వెళ్తా. మాస్టారూ, వాళ్ళు ఎవరికోసమో పీహెచ్‌పీలో చేస్తున్నారట, నేను జావా నేర్చుకుంటున్నా, మారాల్సి వస్తుందా?

బెజవాడ కోడర్

వాళ్ళు పీహెచ్‌పీ అంటే నువ్వూ పీహెచ్‌పీయే. పక్కన కూర్చుని తప్పు చూపించే మనిషి ఉన్న భాష ముఖ్యం ఇప్పుడు. జావా ఈసెట్ కోసం ఎలాగూ చదువుతావు. డేటాబేస్‌కి వాడే మైఎస్‌క్యూఎల్ రెండింటికీ ఒకటే.

పాలిటెక్నిక్ మాస్టారు

అవును, భాష గురించి కాలేజీకి పట్టింపు లేదు. లెటర్‌లో మాత్రం వాళ్ళ సీలు, నిన్ను చూసుకునే మనిషి పేరు, మొదలయ్యే తేదీ ఉండేలా చూసుకో, ఇంకో సంగతి, మీ బాబాయ్ పుస్తకంలో రైతుల పేర్లు, నంబర్లు ఉంటాయి కదా, రిపోర్టులో స్క్రీన్‌షాట్లు పెట్టేటప్పుడు అవన్నీ మార్చి పెట్టు.