సమస్యాపూరణం: ముక్కలైన పిదప మొత్తమయ్యె

నిర్వాహకుడు: పాక్షిక భిన్నాలతో, అంటే పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టి, ఓ సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తుంటే ఈ పాదం నోటికొచ్చింది. అద్దాలు, కుండలు, కాపురాలు పగలగొట్టకండి, పూరణ లెక్కలోనే ఉండాలి.

ముక్కలైన పిదప మొత్తమయ్యె

ఎర్రసిరా: లవంలో 1, హారంలో ఎక్స్ స్క్వేర్ మైనస్ 1 అనుకుని రాశాను. "ఏ", "బీ" విడిన ముక్కల లవాలు, లాగు అంటే లాగరిథం.

హార మెంత పెద్దదైనను విడగొట్టి
యేయు బీయు పెట్టి యెంచి చూడ
లాగు రెండు వచ్చి లంకెలుగా చేరె
ముక్కలైన పిదప మొత్తమయ్యె

చతుర్లఘువు: ఎర్రసిరా గారికి గణం తప్పదు, గణితమే తప్పుతుంది. ఎక్స్ మైనస్ 1 మీద ఉండే "ఏ" విలువ అర, ఎక్స్ ప్లస్ 1 మీద ఉండే "బీ" విలువ మైనస్ అర. రెండో లాగు తీసివేతలో ఉంటే "చేరె" అంటారేం? పైగా "లాగు రెండు వచ్చి" అని చదవగానే నాకు దర్జీ గుర్తొచ్చాడు.

ఎర్రసిరా: మైనస్‌ని కలపడం కూడా కలపడమే. దర్జీని వదిలి మీ పూరణ చూపించండి.

చతుర్లఘువు: చిత్తం. ఆర్కు టాను అంటే టాన్‌కి విలోమం.

నాల్గు ఘాతముండ నాటి లైబ్నిజు నిల్చె
రూటు రెండు తెచ్చి రుద్ది చూడ
ఆర్కు టాను లాగు లన్నియు జతకూడె
ముక్కలైన పిదప మొత్తమయ్యె

పాతకాపు: ఆహా! ఎక్స్ నాలుగో ఘాతానికి "ఏ" అనే స్థిరాంకం నాలుగో ఘాతం కలిపితే అది వాస్తవ (ఊహా సంఖ్యలు లేని) కారణాంకాలుగా విడదని 1702లో, కలన గణితాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన లైబ్నిజ్ అంతటివాడు రాశాడు. ఆ "ఏ" స్థానంలో 1 వేసి, రెండు ఎక్స్ స్క్వేర్‌లు కలిపి మళ్ళీ తీసేయండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1 మొత్తం వర్గంలోంచి, రూట్ 2 ఎక్స్ వర్గం పోతుంది. వర్గాల తేడా అయ్యాక విడక ఏం చేస్తుంది? ఆ కిటుకంతా "రూటు రెండు తెచ్చి"లో ఇమిడింది.

ఎర్రసిరా: కిటుకు బాగుంది, ఒప్పుకున్నాను. కానీ "చూడ" తర్వాత "ఆర్కు"? సంధి చేయకుండా వదిలేసిన విసంధి దోషం కాదా?

చతుర్లఘువు: రెండో పాదం చివర విరామం ఉంది. "చూడ నార్కు టాను" అని రాస్తే అదేదో నారుమడి అనుకుంటారు.

ఎర్రసిరా: సరే, అసలు లోటు వేరే. సమాకలనం గుర్తే మొత్తం అని అర్థమిచ్చే "సుమ్మా" అన్న లాటిన్ మాట మొదటి అక్షరం. దాన్ని సాగదీసి 1675లో వాడింది ఈ లైబ్నిజే. ఆయన్ని మొదటి పాదంలో నిలబెట్టి, "మొత్తమయ్యె" దగ్గర ఆ శ్లేషను గాలికొదిలేశారు. నా చేతికి దొరికితే వదిలేవాణ్ణి కాదు.

చతుర్లఘువు: దొరికినవి మీరెలా వాడతారో పోయిన సమస్యలో చూశాం. సమాకలనం మీద పద్యం రాసి, చివర తప్పక కలపాల్సిన స్థిరాంకం "ప్లస్ సి"ని మింగేశారు. నిర్వాహకులు మొహమాటపడి ఊరుకున్నారు.

ఎర్రసిరా: అక్కడ గణం నిండిపోయింది!

కొత్తకలం: పెద్దల మధ్య దూరుతున్నాను. మొదటి ప్రయత్నం.

వర్గమైన దొకటి వచ్చిన హారాన
నొక్క ముక్క చాల దొట్టిదగును
రెండు వేసినపుడె రీతిగా తేలె
ముక్కలైన పిదప మొత్తమయ్యె

పాతకాపు: విషయం భేష్. ఎక్స్ మైనస్ 1 వర్గం మీద ఎక్స్ ఉందనుకోండి, వర్గం మీద ఒకే స్థిరాంకం పెడితే లెక్క తేలదు. ఎక్స్ మైనస్ 1 మీద ఒకటి, దాని వర్గం మీద ఇంకొకటి, రెండూ కావాలి. మొదటిది లాగ్ ఇస్తుంది, రెండోది ఇవ్వదు. చాలామంది తప్పేది ఇక్కడే.

చతుర్లఘువు: ముక్క తక్కువైతే తేలదని చెప్పే పద్యంలో, సరిగ్గా "తేలె" దగ్గరే ఒక లఘువు తక్కువైంది! కావాలని చేశారా?

కొత్తకలం: అయ్యో, లేదండీ. "రీతిగా తేలెను" అంటే సరిపోతుందా?

నిర్వాహకుడు: సరిపోయింది. ఈసారి నా ఓటు మీకే. చతుర్లఘువు గారి రూటుకి రెండో స్థానం.

ఎర్రసిరా: మరి నాకు?

చతుర్లఘువు: మీకు ప్లస్ సి.