అప్‌డేట్: న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) గాయం దగ్గరికి రాకపోవడానికి కారణం సెలైనే

3 రోజుల జీబ్రాఫిష్ పిల్లల తోక రెక్క చివర కోస్తే న్యూట్రోఫిల్స్ సరిగా చేరడం లేదెందుకని అడిగాను కదా. తప్పు కణాలది కాదు, నీళ్లది. కోతకు ముందే పిల్లల్ని ఐసోటోనిక్ (ఒంట్లోని ద్రవమంత ఉప్పుండే) సెలైన్‌లో వేయడమే పొరపాటు.

ఇది మంచినీటి చేప. ఒంట్లోని ద్రవం లీటరుకు సుమారు 300 మిల్లీఆస్మోల్ (కరిగిన పదార్థాల గాఢతకు కొలత), బయటి నీరు దాదాపు 10. చర్మం తెగగానే ఆ పల్చటి నీరు లోపలికి చొరబడి, గాయం అంచున కణాలు, వాటి కేంద్రకాలు ఉబ్బుతాయి. సాగి బిగుసుకున్న కేంద్రక పొరకు సీపీఎల్‌ఏ2 ఎంజైమ్ అతుక్కుని అరాకిడోనిక్ ఆమ్లాన్ని (ఒక కొవ్వు ఆమ్లం) విడదీస్తుంది. దాన్నుంచి తయారయ్యే పదార్థాలే తెల్లకణాలకు పిలుపు. బయటా లోపలా ఉప్పు సమానమైతే ఉబ్బు లేదు, పిలుపూ బలహీనమే.

ఇప్పుడు కోత, ఆ తర్వాతి నిరీక్షణ రెండూ మామూలు ఈ3లోనే (పిల్లల్ని పెంచే పల్చటి ఉప్పునీరు; సోడియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్). మత్తుమందు ట్రైకెయిన్ లీటరుకు 160 మి.గ్రా.; పీహెచ్ 7కి తేవాలి, లేదంటే ద్రావణం ఆమ్లంగా ఉండిపోతుంది. బ్లేడు వెన్ను పొడవునా ఉండే కడ్డీ లాంటి నోటోకార్డ్‌కు తగిలిన పిల్లల్ని పక్కన పెట్టేయాలి, అది వేరే గాయం. గాయం దగ్గర పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కోత తర్వాత 20 నిమిషాలకే గరిష్ఠానికి చేరుతుంది కదా అని అప్పుడే లెక్కపెడితే కొద్ది కణాలే కనిపిస్తాయి. 4–6 గంటల మధ్య చూడండి.