సొంతంగా కారు టింకరింగ్ (సొట్టలు తీసి రేకు బాగుచేయడం), పెయింటింగ్ నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బనశంకరి_800 (బెంగళూరు):
నాన్న వాడిన మారుతి 800 ఇప్పుడు నా దగ్గరుంది. ఎడమ తలుపు మీద సొట్ట, తలుపుల కిందుండే రన్నింగ్ బోర్డు అడుగున తుప్పు. షెడ్డుకిస్తే పైన పుట్టీ పులిమి పంపేస్తారు, నాకది ఇష్టం లేదు. సెలవు రోజుల్లో నేనే నేర్చుకుని చేయాలని ఉంది. ఏ సామాన్లు కొనాలి? ఎవరైనా నేర్పుతారా? అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్ప్రే చేయొచ్చా? ఖర్చెంత?

పుదుపేట_ప్రేమి (చెన్నై):
ముందు తుక్కు తలుపు ఒకటి కొనండి. పాత బండి సామాన్లకు మాకు పుదుపేట, మీకు శివాజీనగర్ గుజిరీ. మీరే దానికి సొట్ట పెట్టి సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) తీయండి. అంచు నుంచి మధ్యకి మెల్లగా కొట్టుకుంటూ రావాలి. నడిమధ్యన బలంగా కొడితే రేకు సాగిపోతుంది, ఇక డబ్బా మూతలా టక్కుటక్కుమంటుంది. చేతికి ఆ స్పర్శ తెలిశాకే సొంత బండి జోలికి వెళ్లండి.

వేళచ్చేరి_వెల్డర్:
సొట్ట సంగతి తర్వాత, తుప్పు ముందు. 2015 డిసెంబరు చెన్నై వరదలో మా బండి మునిగింది. ఒక షెడ్డువాళ్లు తుప్పు మీదే పుట్టీ పెట్టి రంగేసి డబ్బు తీసుకున్నారు. ఏడాది తిరక్కుండా పొక్కులు. ఆ కోపంతోనే వెల్డింగ్ నేర్చుకున్నాను. పుచ్చిన రేకంతా కోసేసి, కొత్త రేకు మిగ్‌తో (వైరు కరిగించి అతికే వెల్డింగ్) అతికించాను. వైరు 0.8 మి.మీ. చాలు. ఒకేచోట లాగకుండా దూరం దూరంగా వెల్డింగ్ చుక్కలు పెట్టాలి, లేకపోతే రేకు వంకర తిరుగుతుంది. బ్యాటరీ కనెక్షన్ తీసేయడం మర్చిపోవద్దు. ఇంకోటి, పుట్టీని నీళ్లు పోసి రుద్దనే రుద్దొద్దు.

పోరూరు_పెయింటర్:
ఆ చివరి మాట తప్పు. పాతికేళ్లుగా నా బతుకు ఈ పనే. ఏ షెడ్డుకైనా వెళ్లండి, బకెట్టు, వాటర్ పేపరే (తడిపి రుద్దే గరుకు కాగితం) కనిపిస్తాయి. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది?

వేళచ్చేరి_వెల్డర్:
షెడ్డువాళ్లకు సాయంత్రానికి బండి దాటించాలి కాబట్టి అలా చేస్తారు. పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది. ఆ తడి రేకు దాకా చేరితే రంగు కింద మళ్లీ తుప్పే. ఉప్పుగాలి ఊళ్లో ఉంటూ ఇంకా ఇదే వాదనా? దుమ్ముకైతే మాస్కు ఉంది.

పోరూరు_పెయింటర్:
పుస్తకం చదివి చెప్పేవాళ్లు నాకు పని నేర్పొద్దు. బాగా ఆరబెడితే ఏమీ కాదు. నేను రంగేసిన బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

వేళచ్చేరి_వెల్డర్:
మా బండికి రంగేసినవాళ్లూ అచ్చం ఇదే మాటన్నారు.

జయనగర్_జావా:
ఇద్దరూ కాస్త ఆగండి. పుట్టీ మీద 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 180తో పొడిగానే రుద్దాలి. ప్రైమర్ పడ్డాక 400, 600 వాటర్ పేపర్ వాడుకోవచ్చు. అసలు భయపడాల్సింది 2కే పెయింటులో (గట్టిపడే మందు కలిపి వేసే రంగు) కలిపే హార్డెనర్‌కి. అందులో ఐసోసయనేట్ ఉంటుంది. వాసన తెలియదు, కానీ ఒకసారి అది ఒంటికి పడకపోతే ఆస్తమా జీవితాంతం వదలదు. బట్ట మాస్కు దాన్ని ఆపదు. బేస్‌మెంట్‌లో స్ప్రే చేస్తే పైఅంతస్తుల్లో పిల్లలు కూడా పీలుస్తారు. దయచేసి వద్దు. రంగు వరకు స్ప్రే బూత్ (రంగు వేయడానికే కట్టిన గది) ఉన్నచోట వేయించుకోండి.

పద్మిని_ప్రాణం (చెన్నై):
800 రేకు మరీ పల్చన. నేర్చుకోవాలంటే ప్రీమియర్ పద్మిని కారు మీద నేర్చుకోవాలి. మందపు రేకు, ఎంత కొట్టినా ఓర్చుకుంటుంది. నాది తెలుపు, ముదురాకుపచ్చకి మార్చాలని కోరిక.

జయనగర్_జావా:
రంగు మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. లేకపోతే తనిఖీలో ఇబ్బంది.

పోరూరు_పెయింటర్:
ముదురు రంగు కింద చిన్న గీత కూడా దాగదు. పుట్టీ నున్నగా రావాలంటే నీళ్లే కావాలి. మళ్లీ చెప్తున్నా.

బనశంకరి_800:
శివాజీనగర్‌లో పాత ఫెండర్ దొరికింది, సాధన మొదలుపెట్టాను. స్ప్రే బయటే చేయిస్తాను. రన్నింగ్ బోర్డుకి మాత్రం తుప్పు మార్చే ద్రావణం పూస్తే సరిపోతుందా?

వేళచ్చేరి_వెల్డర్:
గుంటలు పడినంత వరకే అయితే పనిచేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, లోపలికి దిగితే కోయాల్సిందే. కొత్త రేకు వేసేటప్పుడు అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసేయకండి. రంగు ఆరాక వాటిలోంచే లోపలికి తుప్పు పట్టనివ్వని వ్యాక్స్ కొట్టండి.