హడ్సన్ హార్నెట్‌ను ముంచింది ఆరు సిలిండర్ల ఇంజినేనా?

పాత ఇనుము:
1951 మోడల్‌గా డెట్రాయిట్‌లో పుట్టిన హడ్సన్ హార్నెట్‌కు 308 క్యూబిక్ అంగుళాల (సుమారు 5 లీటర్ల) ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. శక్తి 145 హార్స్‌పవర్. 1952లో అమెరికా కార్ల రేసు పోటీలైన నాస్కార్‌లో 34 రేసుల్లో 27 ఈ కారే గెలిచింది. అయినా 1954 మే నెలకల్లా హడ్సన్ కంపెనీ మరో కార్ల కంపెనీ నాష్‌తో విలీనమైపోయింది. వి8 ఇంజిన్ (V ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్లది) తయారు చేయకపోవడమే దీనికి కారణమని నా వాదన. సిలిండర్ హెడ్‌లోనే వాల్వులున్న వి8ను ఓల్డ్స్‌మొబైల్ 1949లోనే తెచ్చింది. 1951లో క్రైస్లర్ 180 హార్స్‌పవర్‌తో మరొకటి తెచ్చింది. హడ్సన్ మాత్రం పక్క వాల్వుల ఆరు సిలిండర్లనే పట్టుకుని కూర్చుంది.

గేర్ రాడ్:
ఈ మాట చాలా చోట్ల చదివాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఆ ఇంజిన్ వెనకబడిందని ఎలా అంటారు? పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బురేటర్లు రెండున్న ‘ట్విన్ హెచ్ పవర్’తో ఆ వి8లనే ట్రాక్ మీద ఓడించింది. రేసర్లు మార్షల్ టీగ్, హెర్బ్ థామస్, టిమ్ ఫ్లాక్ గెలిచింది దీనితోనే. పైగా రేసుకు కావలసిన గట్టి విడిభాగాలను హడ్సన్ తన డీలర్ల ద్వారా మామూలు కొనుగోలుదారుకూ అమ్మేది.

గెలుపులో సగం వాటా బాడీది. 1948 మోడల్ నుంచి హడ్సన్ నేలను ఫ్రేమ్ పట్టీల మధ్యలోకి దించింది. తలుపు తీసి కిందికి అడుగు పెట్టి కూర్చోవాలి. వెనక చక్రాలకు బయటి వైపు నుంచి కూడా ఫ్రేమ్ చుట్టుకుని వెళ్తుంది. బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో పోటీ కార్లు జారుతుంటే ఇది అతుక్కుని పోయేది.

పాత ఇనుము:
ట్రాక్ సంగతి కాదనను. కానీ పక్క వాల్వుల ఇంజిన్‌కు ఒక హద్దు ఉంది గేర్ రాడ్ గారూ. వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి కనుక గాలి వంపు తిరిగి లోపలికి రావాలి. కంప్రెషన్ (మండే ముందు గాలిని, పెట్రోలును నొక్కే ఒత్తిడి) పెంచాలంటే సిలిండర్ పైన ఖాళీ తగ్గించాలి, తగ్గిస్తే ఆ దారే ఇరుకైపోతుంది. షోరూముకు వచ్చినవాడు ఇంజిన్ విప్పి చూడడు, ‘వి8 ఉందా?’ అని అడుగుతాడు.

కార్ల పుస్తకం:
ఒక సందేహం. బాడీ అంత మంచిదైతే ఏటా కొత్త రూపం ఇచ్చి అమ్ముకోవచ్చు కదా?

గేర్ రాడ్:
అసలు చిక్కు అక్కడే ఉంది. బాడీ, ఫ్రేమ్ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే నిర్మాణం అది. వేరే ఫ్రేమ్ మీద బిగించిన బాడీనైతే పైనుంచి మార్చేయవచ్చు, దీన్ని మార్చాలంటే రేకును నొక్కి మలిచే కోట్ల డాలర్ల అచ్చులు కావాలి. 1954లో కొంత మార్చారు కానీ అప్పటికే ఆలస్యమైంది. ఉన్న డబ్బు 1953లో వచ్చిన చిన్న కారు జెట్ మీద పోసేశారు. అధ్యక్షుడు ఎ. ఇ. బారిట్ కోరుకున్నట్టు అది ఎత్తుగా, పెట్టెలా తయారైంది. ధర చూస్తే పెద్ద షెవ్రొలే కంటే చవక కాదు. అదే ఏడాది ఫోర్డ్, షెవ్రొలే మధ్య ధరల యుద్ధం మొదలైంది. 1953లో హడ్సన్ నష్టం కోటి డాలర్లు దాటింది.

ఇక వి8 సంగతి. విలీనం తర్వాత 1955 హార్నెట్‌లో ప్యాకర్డ్ అనే కార్ల కంపెనీ నుంచి తెచ్చిన వి8 పెట్టారు. 1957లో హడ్సన్‌కు వి8 తప్ప వేరే ఇంజినే లేదు. అయినా ఆ ఏడాదితోనే హడ్సన్ పేరు ముగిసింది.

పాత ఇనుము:
అవి నాష్ బాడీ మీద కట్టిన కార్లు. పాత హడ్సన్ అభిమాని వాటిని తనవని అనుకోలేదు. 1951లో, సొంత బాడీలో వి8 పెట్టి ఉంటే లెక్క వేరు.

గేర్ రాడ్:
కొనుగోలుదారు బాడీ చూసే వెనుదిరిగాడని మీరే అంటున్నారు, నా వాదనా అదే. జెట్‌కు పోసిన డబ్బు హార్నెట్ కొత్త బాడీకి పెట్టి ఉంటే ఆ ఆరు సిలిండర్లు ఇంకొన్నేళ్లు నిలబడేవి. వి8కి కొత్త ఫౌండ్రీ, కొత్త యంత్రాలు కావాలి. జెట్‌ను వదిలేసినా బాడీకీ వి8కీ కలిపి చాలేంత సొమ్ము హడ్సన్‌కు ఎక్కడి నుంచి వచ్చేదో మీరు చెప్పాలి.