మోకాలి మార్పిడి తరువాత చేతులతో ఇబ్బంది

ప్రశ్న: అమ్మకు 61 ఏళ్లు, రుమటాయిడ్ కీళ్లవాతం. కుడి మోకాలి మార్పిడి జరిగి 12 రోజులైంది. కాలి కంటే చేతులే ఎక్కువ బాధిస్తున్నాయి. వేళ్లు వంకరపోయి వాకర్ పట్టు దొరకడం లేదు. పొద్దున్నే వ్యాయామం అంటే కన్నీళ్లు పెట్టుకుంటోంది. చూడలేకపోతున్నాను.

జవాబు: నాకూ ఇదే జబ్బు, రెండు మోకాళ్లూ మార్పించుకున్నాను. ముంజేతులు ఆనించుకునే వాకర్ ఉంటుంది, ఫిజియోథెరపిస్టును అడగండి. బరువు వేళ్ల మీద పడదు. అది వచ్చిన రోజే నేను వంటింటిదాకా నడిచాను! వ్యాయామం పొద్దున బిగుతు సడలాకే చేయించండి, మాననివ్వకండి.

జవాబు: ఈ కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మందును ఆపరేషన్ సమయంలో సాధారణంగా కొనసాగిస్తారు. ఇదే జబ్బుకు ఇచ్చే, రోగనిరోధక శక్తిని తగ్గించే బయోలాజిక్ ఇంజెక్షన్లు మాత్రం ఆపి, గాయం మానాక మళ్లీ మొదలుపెడతారు. చేతుల నొప్పి అవి ఆపడం వల్లనేమో, రుమటాలజిస్టును (కీళ్లవాత వైద్యులను) అడగండి.

ప్రశ్నించినవారు: ఇంజెక్షన్ ఆపిన మాట నిజమే. రేపే ఫోను చేస్తాను.